ఎడ్లు తోలేవాడి మోకాలు

మోకాళ్ళ నొప్పులకు వైద్యం చేసే గదిని మేడ మీద పెట్టిన తెలివి నాది కాదు. ఆళ్లగడ్డ బజారులో కింది గదికి అద్దె ఎక్కువని మా ఆస్పత్రి యజమాని పై గది తీసుకున్నాడు. నేను ఉద్యోగం చేసేది నంద్యాలలో. వారానికొకసారి, గురువారం పొద్దున బస్సెక్కి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు వచ్చి, ఆ గదిలో ఫిజియోథెరపీ చేయించి సాయంత్రానికి ఇల్లు చేరతాను. వచ్చేవాళ్ళలో చాలామందికి మోకాళ్ళే. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, రొప్పుతూ వచ్చి నా ముందు కూలబడి, మెట్లెక్కితే నొప్పిగా ఉంది మేడం అంటారు. ఎక్కడం తగ్గించండి అని చెప్తాను. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ళ ముఖం వైపు చూడను.

నా పేరు రిజ్వానా. నాకు కోపం ఎక్కువని పేషెంట్లు బయట బెంచీ మీద కూర్చుని చెప్పుకుంటారు. తలుపు సందులోంచి నాకు వినిపిస్తూనే ఉంటుంది. కోపం రాక ఏమవుతుంది? చెప్పిన వ్యాయామం చేశారా అంటే, చేస్తానే ఉండాం మేడం అంటారు. తొడ మీద చెయ్యి వేసి బిగించమంటే కండ మెత్తగా జారిపోతుంది. వారం రోజులు ఏమీ చేయలేదని ఆ కండే చెప్పేస్తుంది. అయినా మళ్ళీ అదే మాట, చేస్తానే ఉండాం అని.

రంగయ్య అలాంటి వాడు కాదు. చెప్పినదానికి రెండింతలు చేసే రకం. ఆ రకం ఇంకా ప్రమాదమని నాకు తెలియడానికి వారం పట్టింది.

కార్తీకం వెళ్ళాక ఒక గురువారం వచ్చాడు. అరవై దాటినవాడు, పొడుగాటి మనిషి, తెల్ల మీసం, పంచె పైకి ఎగ్గట్టి కుడికాలు ఈడ్చుకుంటూ లోపలికి వచ్చాడు. వెనక అతని భార్య ఆదిలక్ష్మమ్మ, చేతిలో బట్టసంచి. ఆమె తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంది. అతను కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"సూది ఏసి పంపీ పాపా. శివరాత్రి తిరునాళ్లకు ఎడ్లతో నడవల్ల."

"నేను సూదులు వెయ్యను పెద్దనాయనా."

"మరేం చేస్తావు?"

"నేను చెయ్యను. నీతో చేయిస్తా."

అతను భార్య వైపు చూశాడు, ఎక్కడికి తీసుకొచ్చావన్నట్టు. నంద్యాలలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, గుజ్జు అరిగింది కానీ ఆపరేషన్‌కు ఇంకా టైముంది, ముందు వ్యాయామం చెయ్యమని పంపాడట. ఎక్స్‌రే కవరు సంచిలోంచి తీసి ఆదిలక్ష్మమ్మే నాకిచ్చింది.

అతనిది ఆళ్లగడ్డ పక్క పల్లె. బండలాగుడు పందేల్లో అతని జతకు పేరుంది. మైలోడు, చుక్కోడు అని రెండు ఒంగోలు ఎడ్లు, దూడలప్పటి నుంచి ఇంట్లో పెరిగినవి. మన వైపు వాళ్ళకు పందెం గురించి చెప్పక్కర్లేదు. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే ఆ జతది గెలుపు. బాట చివరికి పోయిన ప్రతిసారీ ఎడ్లను తిప్పాలి. ఆ తిప్పే దగ్గర తోలేవాడు ఎడ్ల కంటే ముందు తిరగాలి. అక్కడ మోకాలు మడత పడితే వెనక టన్నుల బరువున్న బండ వస్తూ ఉంటుంది.

"ఈ సారి వేరేవాళ్ళతో తోలించరాదా?" అన్నాను.

"వేరేవాని గొంతుకు అవి కదలవు పాపా. మా మేనల్లుడు ప్రవీణ్ పక్కన నడుస్తాడు, పలుపు పట్టుకుంటాడు, అంతే. మాట నాదే ఉండల్ల. నేను తోలలేకపోతే అమ్మేసేదే. ఊరికే కట్టేసుకోని మేపేకి నాకాడ యాడుండాది?"

స్టూలు మీద ఆదిలక్ష్మమ్మ సంచి నోరు ముడి వేస్తూ ఉండింది. ఆ మాటకు ముడి వదిలేసి నా వైపు చూసింది.

"మోకాలు బాగు చెయ్యి మేడం. ఎట్లయినా సరే. ఆ ఎడ్లు పోతే మా ఇల్లు ఇల్లుగా ఉండదు."

మొగుడి మీద దిగులుతో అంటోందనుకున్నాను. అప్పుడు నాకు ఆమె గురించి తెలిసింది అంతే.

బల్ల మీద పడుకోబెట్టి చూపించాను. తుండుగుడ్డ చుట్టి మోకాలి కింద పెట్టి, ఆ గుడ్డను మోకాలితో అదమాలి. తొడ కండ బిగిసినంత సేపు ఊపిరి బిగబట్టకూడదు. తర్వాత ఎడమకాలు మడిచి, కుడికాలు చాపి నిటారుగా జానెడు పైకెత్తి, కాసేపు ఉంచి, మెల్లగా దించాలి. ఎత్తైన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవాలి, దబ్బున కూలబడకుండా కూర్చోవాలి. గొంతుకూర్చోవడం, బాసిపట్టు వేయడం, చిన్నపీట మీద కూర్చోవడం మానాలి. నడక చదును నేల మీదే. చేసేటప్పుడు కాస్త లాగినట్టు నొప్పి ఉంటే పర్వాలేదు. మరుసటి పొద్దుటికి కూడా ఆ నొప్పి ఉంటే, ముందురోజు ఎక్కువ చేసినట్టు. తగ్గించాలి.

రంగయ్య అన్నీ విన్నాడు. కాలెత్తాడు, దించాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"పండుకోని కాలెత్తేదా పాపా కసరత్తు? మా ఇంటిపక్క పసిపిల్లోడు ఉయ్యాల్లో ఇదే చేస్తాడు."

"ఆ పిల్లోడికి మోకాళ్ళు బాగున్నాయి కదా. నువ్వూ చెయ్యి."

సరేనని వెళ్ళిపోయాడు. అంత సులభంగా సరేనన్నందుకు అప్పుడే అనుమానం రావలసింది.

మరుసటి గురువారం మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే తెలిసింది, కాలు ముందుకంటే అధ్వాన్నమైందని. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని పంచె ఎగ్గట్టాడు. మోకాలు గుమ్మడికాయంత అయింది. చెయ్యి వేస్తే సలసల కాగుతోంది. చిప్ప చుట్టూ నీరు చేరి, వేలితో నొక్కితే అటునుంచి ఇటు ఉబుకుతోంది.

"ఏం చేసినావు పెద్దనాయనా?"

"నువ్వు చెప్పిందే."

"నేను చెప్పిందయితే ఇంత వాపు రాదు. నిజం చెప్పు."

ఆదిలక్ష్మమ్మ చెప్పింది.

"ఇసుక సంచి కాలికి కట్టుకోని మా ఊరి పక్క వక్కిలేటి ఇసుకలో నడిచినాడు మేడం. రోజూ. కోడి కూసేకాలం లేసి పోయేది, ఎండెక్కినాంక వచ్చేది. నేను వద్దంటే వినల్యా."

నాకు కోపం ఆగలేదు. మాట గది బయటి బెంచీ మీద వాళ్ళు కూడా వినేంత గట్టిగా వచ్చింది. ఏమన్నానో ఇక్కడ రాయను. రంగయ్య మాత్రం తొణకలేదు. తనకు తోచిన న్యాయం చెప్పాడు.

"ఎడ్లను పందేనికి తయారు చేసేది అట్లనే కదా పాపా. పందెం బండ కంటే బరువు బండ కట్టి లాగిస్తాం. ఇసుకలో నడిపిస్తాం. గట్టి నేల మీద పందెం రోజు అవి గాలి మాదిరి పోతాయి. కాలయితే ఏంది, ఎద్దయితే ఏంది? నువ్వు చెప్పింది మరీ మెత్తగా ఉండాదని నేనే కొంచెం బరువు పెట్టినా."

ఈ మాట విన్నాక నాకు కోపంతో పాటు ఏడుపు కూడా వచ్చింది. అతను సోమరితనంతో చెడగొట్టుకోలేదు. ఏళ్ళ తరబడి చేతికి వచ్చిన పనిని తన కాలి మీద చేసి చెడగొట్టుకున్నాడు.

"సరే. మైలోడికి కాలు వాచిందనుకో. ఏం చేస్తావు?"

"కాడి కట్టను. మెత్తని నేలన కట్టేస్తా. సల్లనీళ్ళ గుడ్డ చుడతా. వాపు తీసినాంక ఉత్తగా, బరువు లేకుండా, ఇంటి ముందర్నే నాలుగడుగులు నడిపిస్తా. మర్నాడు చూసి ఇంకొంచెం. కుంటితే మళ్ళా ఆపేస్తా."

"వాచిన కాలితో ఇసుకలో తోలవా?"

"ఎట్ల తోలతాం పాపా. నోరు లేని జీవి."

"మరి నీకు నోరుండి ఏం లాభం?"

అతను మోకాలి వైపే చూస్తూ అన్నాడు.

"ఎద్దుకు నేనుండా. చూసుకుంటా. మనిషికి ఎవురుంటారు పాపా చూసుకునేకి?"

తలుపు పక్కన ఆదిలక్ష్మమ్మ ఉంది. అతనికి అడుగు దూరంలో ఉంది. అతను ఆమెను నొప్పించాలని అన్నమాట కాదది. అసలు ఆమె అక్కడ ఉందన్న సంగతి అతనికి ఆ క్షణాన తట్టలేదు, అంతే. నాకు చెడ్డ కోపం వచ్చింది. ఆమెకు వచ్చిందో లేదో తెలియలేదు. లేచి వచ్చి సంచి బల్ల మీద పెట్టింది.

"నాకు చూపీ మేడం అవన్నీ. నా కాలికే చేసి చూపీ. ఈయప్పతో నేను చేయిస్తా."

ఆమెను బల్ల మీద పడుకోబెట్టాను. పడుకోవడానికే తిప్పలు పడింది. చీర సర్ది, మోకాలి కింద తుండుగుడ్డ పెట్టి, అదమమన్నాను. కాలు చాపమన్నాను. పూర్తిగా చాపలేకపోయింది. మడవమన్నాను. సగంలో ఆగింది. నా చెయ్యి చిప్ప మీద ఉంది. లోపల రాళ్ళు నూరినట్టు కరకర తగిలింది. రెండో కాలు చూశాను. అదీ అంతే. మడమలు కలిపితే మోకాళ్ళ మధ్య చెయ్యి పట్టేంత దొడ్డికాళ్ళయ్యాయి. రంగయ్య ఒక్క మోకాలు ఆమె రెండు మోకాళ్ళ ముందు ఎంత?

"పెద్దమ్మా, నీకు ఎన్నాళ్ళుగా ఉంది ఇది?"

"నాది ఉండేదే మేడం. ఆయప్పది చూడు."

"నువ్వు ఇంట్లో ఏం పని చేస్తావు?"

ఆమె జవాబు చెప్పకముందే రంగయ్య చెప్పాడు, ఏదో గొప్ప చెప్పుకున్నట్టు.

"ఎడ్ల పనంతా ఆమెదే పాపా. ఉలవలు నానేసి ఉడకేసేది, కుడితి కుండలు మోసేది, పేడ తీసేది, కాళ్ళు కడిగేది. దూడలప్పుడు పాలు తాపింది కూడా ఆమే. నేను తోలేది ఒక్కటే."

చెప్తూ చెప్తూ ఆగిపోయాడు. నేను చెప్పవలసింది చెప్పాను: గొంతుకూర్చుని పేడ తీయడం, కింద పొయ్యి దగ్గర కూర్చోవడం, నిండు కుండలు ఎత్తడం మానకపోతే రెండు మూడేళ్ళలో ఈమె నడవలేదు.

రంగయ్య చాలాసేపు భార్య మోకాళ్ళ వైపు చూశాడు.

"అయితే ఈ ఎడ్లు అమ్మేస్తా," అన్నాడు. "నీ కాళ్ళు తినేకి ఉండాయా అవి?"

ఆదిలక్ష్మమ్మ బల్ల మీద నుంచి దిగింది. దిగి, మొగుడి మీద కాదు, నా మీద పడింది.

"నా మోకాలు చూడమని నిన్నెవురడిగినారు మేడం? నేర్పమంటి గానీ చూడమంటినా? ఇప్పుడు చూడు, అమ్మేస్తానంటాండాడు."

అప్పుడు అర్థమైంది. మొగుడి మోకాలు బాగైతే ఎడ్లుంటాయి. అందుకే ఆ మెట్లన్నీ ఎక్కి అతన్ని తీసుకొచ్చింది, అందుకే తన నొప్పి నోరెత్తి చెప్పలేదు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ సంగతి నాకు తర్వాత ప్రవీణ్ చెప్పాడు.

ఆ గదిలోనే ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. నేను సాక్షిని కావలసి వచ్చింది.

"శివరాత్రికి నీ కాలు నిలబడల్ల," అంది ఆమె. "పందెం మొదలు నుంచి కడదాంక ఆపకుండా తోల్తివా, ఎడ్లుంటాయి. మధ్యలో నీ కాలు పడిపోయి ఆపితివా, అమ్ముకో. నేను నోరెత్తను. మేడమ్ముందర చెప్తాండా."

"సరే," అన్నాడు రంగయ్య.

వాపు తీసేదాకా ఏమీ చేయొద్దన్నాను. తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టాం. ఇంట్లో ఆదిలక్ష్మమ్మ పెత్తనం. మంచం పక్కన కుర్చీ వేసుకుని అంకెలు చెప్తుందట. ఆమె మెల్లగా లెక్కపెడుతుందని, కావాలనే సాగదీస్తుందని, నాలుగుకూ అయిదుకూ మధ్య పాలవాడితో మాట్లాడి వస్తుందని అతని ఫిర్యాదు. ఎత్తిన కాలు దించబోతే, "ఇంకా అయిదనల్యా," అంటుందట. నేను మొదటిసారి నవ్వింది ఆ గురువారమే. బయటి బెంచీ మీద వాళ్ళు ఆశ్చర్యపోయి ఉంటారు.

ఆమె కూడా చేయాలని పట్టుబట్టాను. సరేనంది. మరుసటి వారం తొడ మీద చెయ్యి వేసి బిగించమన్నాను. కండ మెత్తగా ఉంది. ఇంకో వారం, మెత్తగానే ఉంది. ఎడ్లకు మేత వేసే గాడి ఎత్తు చేయించండి, పొయ్యి అరుగు మీద పెట్టించండి అన్నాను. "పందెం అయిపోనీ మేడం," అనేది ప్రతిసారీ. ఆమెను ఏమీ చేయలేకపోయానన్న బాధ నాకు ఉండిపోయింది.

రంగయ్య కాలు మాత్రం దారికి వచ్చింది. సంక్రాంతి దాటేసరికి తొడ కండ చేతికి తగిలింది. ఆదివారాలు ఎడ్లతో ఊరి బయట గట్టిబాట మీద కొంచెం కొంచెం నడవనిచ్చాను. తిప్పే దగ్గర ఎలా తిరగాలో గదిలోనే నడిపించి చూపించాను: పాదం నేలకు నాటి నడుము తిప్పకూడదు, చిన్న చిన్న అడుగులతో చుట్టూ తిరగాలి. "గుడి చుట్టూ తిరిగినట్టు ఉండాది," అన్నాడు. కానీ అలాగే తిరిగాడు. మరుసటి పొద్దున నొప్పి ఉంటే, ఆ రోజు తనంతట తానే నడక మానేశాడు. ఇసుక సంచి మాట మళ్ళీ ఎత్తలేదు.

శివరాత్రి ముందు గురువారం పరీక్షగా చూశాను. వాపు లేదు, వేడి లేదు, కుర్చీలోంచి చేతులు ఆనకుండా ఎన్నిసార్లు లేవమన్నా లేచాడు. పొమ్మన్నాను. పందెం చూడటానికి నేను రావాలని ఇద్దరూ అడిగారు. ఎప్పుడూ అలా పేషెంట్ల పిలుపులకు పోను. ఆ సారి పోయాను.

ఆళ్లగడ్డ బయట పొలంలో బాట చదును చేశారు. రెండు పక్కలా గుంజలు పాతి తాడు కట్టారు. మైకులో ఒకాయన జతల పేర్లు, యజమానుల ఊర్లు ఆగకుండా చెప్తున్నాడు. డాక్టరమ్మ వచ్చిందని నాకు పెద్దమనుషుల పక్కన కుర్చీ వేశారు. ఆదిలక్ష్మమ్మ బాట మలుపు దగ్గర, తాడుకు ఆనుకుని, నేల మీద చాప వేసుకుని కూర్చుంది. కాళ్ళు చాపుకుని ఉంది. నా కుర్చీ తీసుకుపోయి ఆమె పక్కన పెట్టాను.

"ఇందులో కూర్చో పెద్దమ్మా. నేల మీద నుంచి మళ్ళీ ఎట్లా లేస్తావు?"

"ఇంతమంది మగోళ్ళ ముందర కుర్చీలో కూసుంటే బాగుంటాదా? నువ్వు కూసో."

మా అమ్మ మీరాబీ కుర్చీలో కూర్చుని నమాజు చేయడానికి ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఇక్కడ ఏడాది లేదు. మైకులో రంగయ్య పేరు పిలిచారు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను, ఆమె పక్కనే.

ఎడ్లను కట్టారు. కొమ్ములకు రంగు, మెడలో గంటలు, పసుపు నీళ్ళు చల్లిన వీపులు. ప్రవీణ్ పలుపు పట్టుకుని ఒక పక్క, రంగయ్య రెండో పక్క. ఈల వేశారు. రంగయ్య గొంతు విన్నాను. నా గదిలో పాపా పాపా అని మాట్లాడిన మనిషి గొంతు కాదు. ఒక్క కేక వేశాడు, బండ కదిలింది.

మొదటి తిప్పు బాగా అయింది. నేను ఎడ్ల వైపు చూడలేదు, అతని కుడికాలే చూశాను. చిన్న చిన్న అడుగులే వేశాడు. రెండోది, మూడోది. కాలు ఎక్కడా తడబడలేదు. మైకాయన దూరం చెప్పినప్పుడల్లా జనం ఈలలు వేస్తున్నారు. ముందు లాగిన జతలన్నిటి కంటే రంగయ్య జత ముందుందని తెలిసిపోతోంది. ఆదిలక్ష్మమ్మ పెదవులు కదులుతున్నాయి. ఇంట్లో అంకెలు చెప్పినట్టే, మెల్లగా ఏదో లెక్కపెడుతోంది.

సమయం కొంచెమే మిగిలింది. ఎడ్లు మా మలుపు వైపు వస్తున్నాయి. ఇంకొక్క తిప్పు తిప్పితే మొదటి బహుమతే. ఎవరో కుర్రవాళ్ళు ఊరుకోలేక టపాకాయల సరం అంటించారు. చుక్కోడు బెదిరింది. పక్కకు లాగింది. మైలోడు దాని వెంట తిరిగింది. జత బాట వదిలి నేరుగా తాడు మీదికి, మా మీదికి రావడం మొదలైంది. వెనక బండ వంకరగా దుమ్ము లేపుతూ వస్తోంది.

జనం లేచి వెనక్కి తోసుకున్నారు. నేను లేచాను. ఆదిలక్ష్మమ్మ లేవలేదు. చేతులు నేలకు ఆనించింది, ఒక పక్కకు ఒరిగింది, మోకాళ్ళు మడత పడలేదు. చంకల కింద చేతులు వేసి లాగాను. కదల్లేదు. నన్ను పొమ్మని ఆమె చేత్తో తోసింది.

రంగయ్య ఎడ్ల ముందుకు వచ్చాడు. కుడికాలు నేలకు నాటి, ఒళ్ళంతా వెనక్కి వేసి, రెండు ముక్కుతాళ్ళు గుంజి పట్టి, నేను ఎప్పుడూ వినని కేక ఒకటి వేశాడు. ఎడ్లు నిలబడిపోయాయి. చుక్కోడి ఊపిరి ఆదిలక్ష్మమ్మ ముఖానికి తగిలేంత దగ్గర నిలబడ్డాయి. బండ ఆగింది.

ఆగిన బండను కదపడం మాటలు కాదు. జతను మళ్ళీ బాట మీదికి తెచ్చి, తిప్పి, ఊపు అందుకునేలోపల ఈల మోగింది. మైకాయన దూరం చదివాడు. మొదటి బహుమతి లేదు, రెండోదీ లేదు.

ప్రవీణ్ ఎడ్లను పక్కకు తోలుకుపోయాడు. రంగయ్య తాడు కిందుగా దూరి మా దగ్గరికి వచ్చాడు. నేను అతని మోకాలి వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు. భార్య ముందు వంగి చెయ్యి చాచాడు.

ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు.

"ఎందుకాపితివి?"

"నువ్వు లేయలేకపోతాండావ్ కదే."

"అవి నన్ను తొక్కవు. నా చేతి పాలు తాగినవి. నువ్వు పక్కకు పిలిచింటే తిరిగిండేవి."

"ఎనకాల బండకు తెలుస్తాదా నువ్వు పాలు తాపింది?"

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. కళ్ళనిండా నీళ్ళు. దుమ్ము వల్ల కాదు.

"ఆపకుండా తోలితేనే ఉంటాయంటి. మేడమ్ముందర అంటి. ఆపితివి. ఇంక అమ్ముకో పో."

చుట్టూ జనం ఉన్నారు. మైకులో ఇంకో జతను పిలుస్తున్నారు. రంగయ్య చాచిన చెయ్యి అలాగే ఉంచి అన్నాడు.

"నా కాలు పడిపోయి ఆపితే అమ్ముకోమంటివి. కాలు పడిపోల్యా. మేడమ్మును అడుగు. కాలు ఆపల్యా మే, నేను ఆపినా."

ఆమె అతని కాలి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. అవునన్నాను.

"అయితే అమ్మవా?"

"అమ్మను."

"ఉలవలు ఎవురు ఉడకేస్తారు?"

"నేను."

"నీకు రాదు."

"పక్కన కూసోని చెప్పు. నేర్చుకుంటా."

ఆదిలక్ష్మమ్మ చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత రెండు చేతులూ చాచింది.